ఎల్‌ఎల్‌సీ ఒప్పందంలో ‘పార్ట్‌నర్‌షిప్ రిప్రజెంటేటివ్’ క్లాజు: ఎవరిని పెట్టాలి, ఏ హక్కులివ్వాలి, ఎలా రాయించాలి

అమెరికాలో నలుగురైదుగురు తెలుగువాళ్లు కలిసి ఎల్‌ఎల్‌సీ (లిమిటెడ్ లయబిలిటీ కంపెనీ) పెట్టి స్థలమో, అపార్ట్‌మెంట్లో, హోటలో కొన్నప్పుడు ఆపరేటింగ్ అగ్రిమెంట్‌లో వాటాల గురించీ లాభాల పంపకం గురించీ గట్టిగానే మాట్లాడుకుంటారు. పన్ను తనిఖీ వస్తే కంపెనీ తరఫున ఎవరు నిలబడాలి, వాళ్ల చేతికి ఎంత అధికారం ఇవ్వాలి అన్నది మాత్రం లాయర్ టెంప్లేట్‌లో ఎలా ఉంటే అలాగే వదిలేస్తారు. ఆ క్లాజు సరిగ్గా ఎలా రాయించుకోవాలని అడుగుతున్నవారి కోసం ఈ వివరాలు.

చట్టం సంగతి ముందు తెలియాలి. 2018 నుంచి మొదలైన పన్ను సంవత్సరాలకు, ఫారం 1065 (పార్ట్‌నర్‌షిప్ పన్ను రిటర్న్) దాఖలు చేసే ప్రతి సంస్థ, కింద చెప్పే వెసులుబాటు వాడుకుంటే తప్ప, ఏటా ఒక పార్ట్‌నర్‌షిప్ రిప్రజెంటేటివ్ పేరు రిటర్న్‌లో ఇవ్వాలి. ఇక్కడి నుంచి ‘పన్ను ప్రతినిధి’ అందాం. తనిఖీలో ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) ముందు సంస్థ తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారం ఈ ఒక్కరిదే. ఆయన సంతకం పెడితే సంస్థా సభ్యులూ అందరూ దానికి కట్టుబడాల్సిందే. మిగతా సభ్యులకు నోటీసు అందుకునే హక్కు గానీ, తనిఖీలో పాల్గొనే హక్కు గానీ, విడిగా కోర్టుకెళ్లే హక్కు గానీ చట్టం ఇవ్వలేదు.

ఇంకో మాట. ‘సభ్యుల అనుమతి లేకుండా సంతకం పెట్టరాదు’ అని ఒప్పందంలో రాసుకున్నా ఆ షరతు ఐఆర్‌ఎస్‌కు పట్టదు. అనుమతి లేకుండా పెట్టిన సంతకం కూడా అక్కడ చెల్లుతుంది. ఒప్పందం పనిచేసేది సభ్యుల మధ్యనే. మీకు వేరే రక్షణ లేదు కాబట్టే దాన్ని వివరంగా రాయించాలి.

1. ముందుగా తేల్చుకోవాల్సింది: ఈ పద్ధతి నుంచి బయటికి రావచ్చా?

చిన్న సంస్థలు ఏడాదికేడాది ఈ కేంద్రీకృత తనిఖీ పద్ధతి వద్దనుకోవచ్చు. అప్పుడు ఐఆర్‌ఎస్ ఒక్కో సభ్యుడితో విడిగా తేల్చుకోవాలి. అలా వద్దనుకోవాలంటే ఇవి కుదరాలి:

- ఆ ఏడాది ఇవ్వాల్సిన కే-1లు (ఒక్కో సభ్యుడి లాభనష్టాల వాటా చూపే పత్రాలు) 100 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. సభ్యుల్లో ఎస్ కార్పొరేషన్ (లాభం మీద పన్నును వాటాదారులే కట్టే కంపెనీ) ఉంటే దాని వాటాదారులకు వెళ్లే కే-1లూ లెక్కలోకి వస్తాయి.
- సభ్యులందరూ వ్యక్తులు, సీ కార్పొరేషన్లు (తమ పన్ను తామే కట్టే కంపెనీలు), ఎస్ కార్పొరేషన్లు, చనిపోయిన సభ్యుల ఎస్టేట్లు, లేదా అమెరికాలో ఉంటే సీ కార్పొరేషన్‌గా లెక్కకొచ్చే విదేశీ సంస్థలు అయ్యుండాలి. ఇండియాలో ఉన్న సభ్యుడు వ్యక్తిగా చేరితే అడ్డేమీ లేదు.
- గడువులోగా దాఖలు చేసిన 1065తో పాటు, బయటికి వస్తున్నట్టు తెలిపే షెడ్యూల్ బీ-2 జత చేయాలి.
- ఎంపిక చేసిన 30 రోజుల్లోగా ప్రతి సభ్యుడికీ తెలియజేయాలి.

మనవాళ్లలో ఎక్కువమంది చిక్కుకునేది రెండో షరతు దగ్గర. సొంత పేరు మీద కాకుండా సింగిల్ మెంబర్ ఎల్‌ఎల్‌సీ ద్వారానో, ఎస్టేట్ ప్లానింగ్ కోసం పెట్టుకున్న లివింగ్ ట్రస్ట్ ద్వారానో చేరతారు. ఆ రెండింటిలో ఏ ఒక్కటి సభ్యుడిగా ఉన్నా సంస్థ మొత్తానికి ఈ వెసులుబాటు పోతుంది. పన్ను లెక్కలో ఆ ఎల్‌ఎల్‌సీనీ యజమానినీ ఒకటిగానే చూస్తారు కదా అన్న వాదన ఇక్కడ చెల్లదు.

కాబట్టి మొదటి వాక్యంగా ఇది రాయించండి: సంస్థను అనర్హం చేసే ట్రస్టుకు గానీ, సింగిల్ మెంబర్ ఎల్‌ఎల్‌సీకి గానీ, మరో పార్ట్‌నర్‌షిప్‌కు గానీ మేనేజర్ లిఖిత అనుమతి లేకుండా ఎవరూ వాటా బదిలీ చేయకూడదు. అర్హత ఉన్న ప్రతి ఏడాదీ బయటికి రావాలా వద్దా అన్నది ఎవరు నిర్ణయిస్తారో కూడా అక్కడే రాయాలి.

ఈ ఏడాది అర్హత ఉంది కదా అని ప్రతినిధి క్లాజు మానేయకండి. వచ్చే ఏడాది ఒక సభ్యుడు తన వాటా ట్రస్టులో పెడితే చాలు, ఆ క్లాజు అవసరం పడుతుంది.

2. లాయర్ దగ్గరికి వెళ్లేముందు చేతిలో ఉండాల్సినవి

- ప్రస్తుత ఆపరేటింగ్ అగ్రిమెంట్, దాని సవరణలన్నీ
- గత మూడు నాలుగేళ్ల 1065లు. షెడ్యూల్ బీ చివర ప్రతినిధిగా ఎవరి పేరుందో విడిగా రాసుకోండి
- ఏడాదివారీగా సభ్యులు, వాటాలు, ఎవరు ఎప్పుడు చేరారు, ఎప్పుడు వెళ్లారు
- ప్రతి సభ్యుడూ ఏ రూపంలో ఉన్నాడో: వ్యక్తి, ట్రస్టు, ఎల్‌ఎల్‌సీ, కార్పొరేషన్
- వెళ్లిపోయిన సభ్యుల చిరునామాలు, ఈమెయిళ్లు, వాళ్లతో రాసుకున్న కొనుగోలు పత్రాలు

పాత అగ్రిమెంట్‌లో ‘టాక్స్ మ్యాటర్స్ పార్ట్‌నర్’ అన్న మాట మాత్రమే కనిపిస్తే అది 2018కి ముందు నాటి టెంప్లేట్ అని అర్థం. ఆ పదవి తప్పనిసరిగా భాగస్వామికే ఉండేది, మిగతావారికి చట్టపరంగా కొన్ని హక్కులూ ఉండేవి. ఆ పదం తీసేసి కొత్త పదం పెడితే సరిపోదు. క్లాజు మొత్తం మళ్లీ రాయించాలి.

3. ఎవరిని పెట్టాలి

ప్రతినిధి సభ్యుడే కానక్కర్లేదు. కానీ అమెరికాలో అందుబాటులో ఉండే మనిషై ఉండాలి. ఐఆర్‌ఎస్ చూసేవి ఇవి: అమెరికాలో సహేతుకమైన సమయంలో, స్థలంలో నేరుగా కలవగలగాలి, అమెరికా వీధి చిరునామా ఉండాలి, అమెరికా ఏరియా కోడ్ ఉన్న ఫోన్ నంబరు ఉండాలి, అమెరికా పన్ను గుర్తింపు సంఖ్య ఉండాలి.

హెచ్-1బీ మీద ఉన్నవారు ఇవన్నీ ఉంటే ప్రతినిధిగా ఉండొచ్చు. అయితే తనిఖీ నోటీసు రిటర్న్ వేసిన రెండు మూడేళ్లకు కూడా రావచ్చు. ఆలోగా ఇండియా వెళ్లిపోయే అవకాశం ఉన్నవారిని పెట్టకపోవడమే మంచిది.

సంస్థను ప్రతినిధిగా పెడితే, దాని తరఫున పనిచేసే ఒక వ్యక్తిని ‘డెజిగ్నేటెడ్ ఇండివిడ్యువల్’గా అదే సమయంలో రిటర్న్‌లో చూపించాలి. ఆ వ్యక్తికీ పై అర్హతలన్నీ ఉండాలి.

రిటర్న్ తయారుచేసే సీపీఏనే ప్రతినిధిగా పెట్టడం బాగా అలవాటైపోయింది. వద్దనే మా సలహా. తనిఖీలో ఆయన తయారుచేసిన లెక్కలే ప్రశ్నకు నిలుస్తాయి. తనను కాపాడుకోవడం, మిమ్మల్ని కాపాడటం అన్న రెండు పనులు అప్పుడు ఒకే మనిషి మీద పడతాయి. ఆయన్ను పవర్ ఆఫ్ అటార్నీ ఫారం 2848 కింద సలహాదారుగా పెట్టుకోండి, నిర్ణయాధికారం సభ్యుల్లో ఒకరి చేతిలో ఉండనివ్వండి.

4. అధికారాలను మూడు వరుసలుగా విడదీయడం

చాలా ఒప్పందాల్లో ఈ క్లాజు ‘ప్రతినిధి తనకు సరి అనిపించిన రీతిలో వ్యవహరించవచ్చు’ అన్న ఒకే వాక్యంతో ముగుస్తుంది. దాన్ని కొట్టేయించి, పనులన్నిటినీ మూడు రకాలుగా రాయించండి.

మొదటి వరుస, తెలియజేసి చేసేవి. ఐఆర్‌ఎస్ నుంచి ఏ కాగితం వచ్చినా 5 పని దినాల్లో అందరికీ కాపీ పంపాలి. తనిఖీ అధికారితో ప్రతి సమావేశం తర్వాత చిన్న సారాంశం రాసి పంపాలి. పత్రాలు సమర్పించడం, గడువు అడగడం లాంటి రోజువారీ పనులకు అనుమతి అక్కర్లేదు.

రెండో వరుస, సంప్రదించి చేసేవి. టాక్స్ లాయర్ నియామకం, మీరు పెట్టుకున్న హద్దు దాటే ఖర్చు, పన్ను తగ్గింపు కోరే ఫారం 8980 దరఖాస్తు. కనీసం 10 రోజుల ముందు ప్రతిపాదన పంపి, వచ్చిన అభిప్రాయాలు పరిగణించాలి.

మూడో వరుస, ఓటు లేకుండా చేయకూడనివి:

- ఐఆర్‌ఎస్‌తో రాజీ
- తనిఖీ కాలపరిమితిని పొడిగించే ఫారం 872-ఎం మీద సంతకం
- గడువులను వదులుకునే ఫారం 8981
- పుష్-అవుట్ (పన్ను భారాన్ని సంస్థ నుంచి తనిఖీ సంవత్సరపు సభ్యుల మీదికి మళ్లించడం) ఎంచుకోవడం లేదా ఎంచుకోకపోవడం
- కోర్టుకెళ్లడం, ఏ కోర్టుకన్నది
- పాత రిటర్న్‌ను సవరించే అడ్మినిస్ట్రేటివ్ అడ్జస్ట్‌మెంట్ రిక్వెస్ట్

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది: ఓటు ఎవరిది? తనిఖీ 2023 సంవత్సరానిది, ఓటింగ్ జరిగేది 2026లో అనుకోండి. ఈ మధ్య ఒకరు వెళ్లారు, ఒకరు వచ్చారు. ప్రస్తుత సభ్యులకే ఓటు ఇస్తే వాళ్లు భారమంతా పాతవాళ్ల మీదికి నెట్టే దారి ఎంచుకుంటారు. తనిఖీలో ఉన్న సంవత్సరంలో ఉన్నవారికే, అప్పటి వాటాల ప్రకారమే ఓటు ఉండాలని రాయించండి. పన్ను వాళ్లే భరించేట్టయితే నిర్ణయమూ వాళ్లదే కావాలి. సంస్థ సొమ్ముతో కట్టే నిర్ణయమైతే ప్రస్తుత సభ్యుల ఓటు కూడా జత చేయండి.

ఓటు తేలకపోతే ఏమిటన్నది కూడా రాసి తీరాలి. ఐఆర్‌ఎస్ గడువు మీ వాట్సాప్ గ్రూపులో చర్చ ముగిసేదాకా ఆగదు. ‘తుది నోటీసు తేదీ నుంచి 30 రోజుల్లోగా ఓటు తేలకపోతే ప్రతినిధి పుష్-అవుట్ ఎంపిక దాఖలు చేయాలి’ అని ఒక వాక్యం ఉంటే సందిగ్ధం ఉండదు.

చివరగా, మీరితే ఏమవుతుందో రాయించండి. మూడో వరుస పని ఓటు లేకుండా చేసిన ప్రతినిధికి సంస్థ ఇచ్చే నష్టభయ రక్షణ (ఈ పని వల్ల వచ్చే నష్టాన్ని సంస్థే భరిస్తుందన్న హామీ) వర్తించదు, జరిగిన నష్టానికి సభ్యులు ఆయన్ను అడగవచ్చు. ఐఆర్‌ఎస్ దగ్గర ఆ సంతకాన్ని ఇది రద్దు చేయదు, కానీ సంతకం పెట్టేముందు ఆయన ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

5. పన్ను ఎవరి జేబులోంచి? ఒక లెక్క

నలుగురు సమాన వాటాదారులు. 2023 రిటర్న్‌లో చూపిన 2,00,000 డాలర్ల ఖర్చును ఐఆర్‌ఎస్ ఒప్పుకోలేదు.

ఏమీ ఎంచుకోకపోతే పన్ను సంస్థే కట్టాలి. దానికి వాడేది అత్యధిక రేటు, అంటే 37 శాతం. 2,00,000 మీద 74,000 డాలర్లు, పైన వడ్డీ, జరిమానా. ఆ నలుగురూ 24 శాతం శ్లాబులో ఉన్నవాళ్లే అయితే ఒక్కొక్కరు తమ 50,000 మీద 12,000 చొప్పున మొత్తం 48,000 కడితే పోయేది. తేడా 26,000. పైగా సంస్థ కట్టిన ఆ పన్నును ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేదు.

2024లో నలుగురిలో ఒకరు తన వాటా కొత్త వ్యక్తికి అమ్మేశారనుకోండి. 2026లో సంస్థ 74,000 కడితే అందులో 18,500 భారం 2023లో అసలు లేని ఆ కొత్త వ్యక్తి మీద పడుతుంది. అమ్మినాయన ఖర్చు చూపించుకుని లాభపడ్డాడు, కొన్నాయన పన్ను కట్టాడు.

దీనికి మూడు విరుగుళ్లు ఉన్నాయి, మూడూ ఒప్పందంలో ఉండాలి.

మొదటిది తగ్గింపు. ప్రతిపాదిత సర్దుబాటు నోటీసు పంపిన తేదీ నుంచి 270 రోజుల్లోగా సభ్యులు తమ సవరించిన రిటర్న్‌లు వేసి పన్ను కట్టి ఆధారం చూపిస్తే సంస్థ కట్టాల్సింది ఆ మేరకు తగ్గుతుంది. ఇందుకు సభ్యుల సహకారం కావాలి కాబట్టి, అడిగిన 20 రోజుల్లో సమాచారం ఇవ్వడం వాళ్ల బాధ్యతగా రాయించండి. ఇవ్వనివారి వల్ల మిగిలిపోయిన పన్ను వాళ్ల ఖాతాలోనే పడాలి.

రెండోది పుష్-అవుట్. తుది నోటీసు తేదీ నుంచి 45 రోజుల్లోగా ఫారం 8988 వేస్తే, భారం తనిఖీ సంవత్సరపు సభ్యుల మీదికి వెళ్తుంది. ఎవరి రేటుతో వాళ్లు లెక్కవేసుకుంటారు. అయితే వడ్డీ రేటు మామూలు కన్నా 2 శాతం పాయింట్లు ఎక్కువ. పై లెక్కలో అయితే పుష్-అవుట్ దాదాపు తప్పకుండా మేలు. సభ్యులంతా 37 శాతంలో ఉంటే, మొత్తం చిన్నదైతే, సంస్థే కట్టేయడం సులువు.

మూడోది తిరిగి వసూలు. సంస్థే కట్టినా, ఆ భారాన్ని తనిఖీ సంవత్సరపు సభ్యులకు అప్పటి వాటా ప్రకారం పంచాలి. ఉన్నవాళ్ల లాభాల పంపకం నుంచి మినహాయించుకోవాలి, వెళ్లిపోయినవాళ్లు లిఖితంగా అడిగిన 30 రోజుల్లో చెల్లించాలి.

6. తేదీల పట్టిక ఒప్పందానికి జత చేయండి

- ప్రతిపాదిత నోటీసు: తగ్గింపు కోరడానికి 270 రోజులు
- తుది నోటీసు: పుష్-అవుట్‌కు 45 రోజులు, పొడిగింపు లేదు
- అదే తుది నోటీసు: కోర్టుకు 90 రోజులు
- పుష్-అవుట్ ఎంచుకుంటే, సర్దుబాటు అంతిమంగా ఖరారయ్యాక: ఎవరి వాటా సర్దుబాటు ఎంతో చూపే ఫారం 8986 సభ్యులకు ఇవ్వడానికి, వాటిని ఫారం 8985తో ఐఆర్‌ఎస్‌కు పంపడానికి 60 రోజులు

తుది నోటీసు మీద నడిచే 45, 90 రోజులు ఒకేసారి మొదలవుతాయి. కోర్టు తేలాక పుష్-అవుట్ చూద్దాం అనుకుంటే ఆ దారి మూసుకుపోయినట్టే. రెండూ చేయవచ్చు, కానీ ముందు 45 రోజుల పని. కవరు మీ చేతికి అందిన రోజు నుంచి లెక్కపెట్టకండి, నోటీసు మీదున్న తేదీనే చూడండి.

టాక్స్ కోర్టుకు వెళ్తే ముందే డబ్బు కట్టనక్కర్లేదు. డిస్ట్రిక్ట్ కోర్టుకో, కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్‌కో వెళ్లాలంటే సంస్థ మీద పడే పన్ను మొత్తం డిపాజిట్ చేయాలి. ఓటుకు పెట్టే ప్రతిపాదనలో ఈ తేడా స్పష్టంగా ఉండాలి.

7. మార్చడం, రాజీనామా

పదవి ఏడాదివారీది. 2026లో ప్రతినిధిని మేనేజర్‌గా తీసేసినా, 2023, 2024 రిటర్న్‌లలో ఆయన పేరుంటే ఆ రెండేళ్లకూ ప్రతినిధి ఆయనే. ఇది తెలియక సభ్యులు గొడవపడి విడిపోయాక, తనిఖీ పగ్గాలు మాత్రం వెళ్లిపోయినాయన చేతిలోనే ఉండిపోతాయి.

మార్చడానికి ఫారం 8979 ఉంది. కానీ దాన్ని ఎప్పుడంటే అప్పుడు వేయలేరు. సంస్థను తనిఖీకి ఎంచుకున్నట్టు నోటీసు గానీ, తనిఖీ మొదలైనట్టు నోటీసు గానీ వచ్చాకే, లేదా పైన చెప్పిన అడ్మినిస్ట్రేటివ్ అడ్జస్ట్‌మెంట్ రిక్వెస్ట్‌తో కలిపే వేయాలి. అందుకని ఇలా రాయించండి:

- మేనేజర్‌గా తప్పుకున్నా, వాటా అమ్మినా, పాత సంవత్సరాలకు ఆయన సంస్థ లిఖిత ఆదేశాల ప్రకారమే నడుచుకోవాలి.
- ఆయనకు వచ్చిన ప్రతి నోటీసూ 5 పని దినాల్లో సంస్థకు చేరాలి.
- ఫారం 8979 వేయడానికి వీలైన రోజు నుంచి 5 పని దినాల్లో, అడిగితే, రాజీనామా సంతకం పెట్టాలి.
- సంస్థ తరఫున రద్దు సంతకం ఎవరు పెడతారో, కొత్త ప్రతినిధి ఎవరో ముందే పేర్కొనాలి. రద్దు చేసేటప్పుడే కొత్త పేరూ ఇవ్వాలి.

రాజీనామా చేసేవారు వారసుణ్ని నియమించలేరు. ఖాళీ ఏర్పడితే ఐఆర్‌ఎస్ తెలియజేస్తుంది. 30 రోజుల్లో సంస్థ పేరు ఇవ్వకపోతే ఐఆర్‌ఎస్సే ఒకర్ని ఎంచుకోవచ్చు. అంతదాకా రానివ్వకండి.

8. ప్రతినిధికి ఇవ్వాల్సిన రక్షణ

ఇన్ని షరతులు పెట్టి ఏమీ ఇవ్వకపోతే బాధ్యత తెలిసినవాళ్లెవరూ ఒప్పుకోరు. లాయర్, సీపీఏ, ప్రయాణ ఖర్చులు సంస్థే భరించాలి. వీలైతే ముందే ఇవ్వాలి. మోసం, ఉద్దేశపూర్వక తప్పు, ఘోర నిర్లక్ష్యం, మూడో వరుస ఉల్లంఘన తప్ప మిగతా వాటికి నష్టభయ రక్షణ ఉండాలి. పనికి పారితోషికం ఇస్తారా లేదా అన్నది కూడా రాసేయండి.

9. తరచూ కనిపించే తప్పులు, దిద్దుకునే దారి

సభ్యుడు వెళ్లిపోగానే బాధ్యతలు ముగిసినట్టు రాయడం. ‘ఈ క్లాజు బాధ్యతలు వాటా బదిలీ తర్వాతా, సంస్థ మూసివేత తర్వాతా కొనసాగుతాయి’ అన్న వాక్యం చేర్చండి. చిరునామా మారితే తెలియజేసే బాధ్యత కూడా అందులోనే.

వాటా కొనుగోలు పత్రంలో ఒక మాట, ఆపరేటింగ్ అగ్రిమెంట్‌లో ఇంకో మాట ఉండటం. ఏది చెల్లుతుందో ఒకచోట తేల్చి రాయాలి. కొనేవారు తమ పత్రంలో ‘కొనుగోలు తేదీకి ముందరి పన్ను అమ్మినవారిదే’ అని పెట్టించుకోవాలి.

ఫెడరల్ పన్ను గురించే రాసి రాష్ట్రాన్ని మరచిపోవడం. ఫెడరల్ సర్దుబాటు జరిగితే చాలా రాష్ట్రాలకు విడిగా, వాళ్ల గడువులోగా తెలియజేయాలి. క్లాజులో ‘రాష్ట్ర, స్థానిక పన్నులకూ’ అన్న మాట ఉండాలి.

సెకండ్ టియర్ సంగతి వదిలేయడం. మీ ఎల్‌ఎల్‌సీ ఇంకో పెద్ద సిండికేషన్‌లో (చాలామంది కలిసి పెట్టుబడి పెట్టే పార్ట్‌నర్‌షిప్‌లో) సభ్యురాలైతే, పైనుంచి పుష్-అవుట్ స్టేట్‌మెంట్ మీకు రావచ్చు. దానికి ఏం చేయాలో, ఎవరు చేయాలో రాసుండాలి.

10. ఏటా 1065 సంతకం పెట్టేముందు

గడువు మార్చి 15, పొడిగింపు కోసం ఫారం 7004 వేస్తే సెప్టెంబర్ 15. డ్రాఫ్ట్ అందగానే ఇవి చూడండి:

- సభ్యుల జాబితాలో కొత్తగా ట్రస్టు గానీ సింగిల్ మెంబర్ ఎల్‌ఎల్‌సీ గానీ చేరిందా?
- బయటికి రావాలనుకుంటే షెడ్యూల్ బీ-2 నిజంగా జతైందా, అందులో ప్రతి సభ్యుడి పేరూ పన్ను సంఖ్యా సరిగా ఉన్నాయా?
- రాకపోతే, షెడ్యూల్ బీ చివర ప్రతినిధి పేరు ఒప్పందంలో ఉన్న పేరేనా? సాఫ్ట్‌వేర్ నిరుటి పేరును అలాగే ఈ ఏటికి తెచ్చి పెడుతుంది. రెండేళ్ల కిందట వెళ్లిపోయిన సభ్యుడు ఇంకా ప్రతినిధిగా కొనసాగడానికి మామూలుగా కారణం ఇదే.
- చిరునామా, ఫోన్ నంబరు ఇప్పటివేనా?
- సంస్థ ప్రతినిధిగా ఉంటే డెజిగ్నేటెడ్ ఇండివిడ్యువల్ గడి నిండిందా?

సంతకమైన రిటర్న్ కాపీ సభ్యులందరికీ పంపి, ఆ ఏటి ప్రతినిధి పేరును సభ్యుల రిజిస్టరులో ఒక వరుసగా నమోదు చేయించండి.